మాస్టర్ నంబరు

సిద్ధేశ్ ఆ రోజు చెప్పిన మాటలో అబద్ధం ఆవగింజంత కూడా లేదు. అదే అతని బాధ. అబద్ధమైతే ఎప్పుడో ఒకప్పుడు ఒప్పుకుని చెంపలేసుకోవచ్చు. నిజం చెప్పి ఒక ఆడమనిషిని ముంచినవాడు ఏమని చెంపలేసుకుంటాడు?

కంప్లి పాత బస్టాండు పక్కన అతనిది మోటార్లు రిపేరు చేసే అంగడి. ఐటీఐ చదివాడు, ఆపైన డిగ్రీ రెండేళ్లు చదివి మానేశాడు. కాలిపోయిన మోటారును వాసన చూసి ఏం జబ్బో చెప్పగలడని పేరు. నాలుగేళ్ల కిందట ఈ వైపుకు మొబైల్ స్టార్టర్లు వచ్చినప్పుడు మొట్టమొదట బిగించడం నేర్చుకున్నది అతనే.

మొబైల్ స్టార్టరంటే పెద్ద మాయేం కాదు. టిఫిన్ డబ్బా అంత పెట్టె, దాని కడుపులో ఒక సిమ్ కార్డు. పెట్టెకు మూడు ఫోన్ నంబర్లు నేర్పిపెడతారు. ఆ మూడింట్లో ఏ నంబరు నుంచి రింగు వచ్చినా అది ఫోనెత్తదు. కట్ చేసి మోటారు నడిపిస్తుంది. ఇంకోసారి రింగిస్తే ఆపేస్తుంది. కరెంటు పోయినా, వచ్చినా ఆ మూడు నంబర్లకూ మెసేజ్ కొడుతుంది. పొలాలకు త్రీఫేజ్ కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియక ఏటి గట్టుకు రోజుకు నాలుగుసార్లు నడిచేవాళ్లకు ఇది దేవుడిచ్చిన వరం. రైతులు దానికి అల్లుడని పేరు పెట్టుకున్నారు. పిలిస్తేగానీ కదలడు, కదిలినా ఒళ్లు వంచి ఫోనెత్తి మాట్లాడడు అని నవ్వుకునేవాళ్లు.

ఆ మూడు నంబర్లలో మొదటిదాన్ని మాస్టర్ నంబరంటారు. మిగతా రెండింటినీ మార్చాలన్నా, తీసేయాలన్నా దాన్నుంచే చేయాలి. అది కుదరకపోతే పెట్టె కోడు తెలిసుండాలి. హొసపేటలో శిక్షణ ఇచ్చిన సారు బోర్డు మీద రాసి మరీ చెప్పాడు: బిగించాక మాస్టర్‌గా రైతు నంబరు పెట్టండి, మీది తీసేయండి, ఒక్కో పెట్టెకు ఒక్కో కోడు ఇవ్వండి అని. సిద్ధేశ్ విన్నాడు, రాసుకున్నాడు, ఈడకొచ్చి రెండూ చేయలేదు. ఇక్కడి జనం సిమ్ములు మార్చడం తువ్వాళ్లు మార్చినట్టే. ఏ కంపెనీ నెల ఉచితమంటే దానికి పోతారు. కొత్త నంబరు పెట్టెకు తెలియదు, మోటారు కదలదు, అంగడి ముందు బైకు ఆగుతుంది: ‘సిద్ధేశప్పా, అల్లుడు అలిగినాడు.’ ప్రతిసారీ పదిహేను మైళ్లు ఎవడు పోతాడు? అందుకని ప్రతి పెట్టెలోనూ మాస్టర్‌గా తన నంబరే ఉంచాడు. కోడు కూడా అన్నింటికీ పెట్టె పుట్టినప్పటిదే, ఒకటి రెండు మూడు నాలుగు. అంగట్లో టీ తాగుతూ రెండు మెసేజులు కొడితే పని అయిపోయేది. కూచున్నచోటి నుంచే తుంగభద్రను లేపుతాడని ఆయకట్టు రైతులు పొగిడితే, ఏమాటకామాట, అతనికి బాగానే ఉండేది.

తర్వాత అతనే నంబరు మార్చాడు. అంగట్లో పాత కంపెనీ సిగ్నలు సరిగా అందేది కాదు. కొత్త సిమ్ తీసుకుని, పాతదాన్ని సొరుగులో స్క్రూల మధ్య పడేశాడు. రీచార్జి లేక అది చచ్చింది. సిమ్ చస్తే నంబరూ చస్తుందని మామూలు జనం అనుకుంటారు. నంబరు చావదు. కంపెనీవాళ్లు కొన్ని నెలలు పక్కన పెట్టి ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇది సిద్ధేశ్‌కు తెలియనిది కాదు. పెట్టె నంబరును చూస్తుందే కానీ నంబరు వెనకున్న మనిషిని చూడదని కూడా తెలుసు. నలభై మూడు పెట్టెల్లో ఆ పాత నంబరే మాస్టర్‌గా కూచుని ఉంది. మార్చాలి అనుకున్నాడు. నాట్లు కానీ అనుకున్నాడు. నాట్లయ్యాక కోతలు కానీ అనుకున్నాడు.

పోయినేడు శ్రావణంలో ఆ సంగతి జరిగింది.

తుంగభద్ర కాలువలు తవ్విన రోజుల్లో గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల ఊళ్లను ఈ పక్క క్యాంపులంటారు. అలాంటి క్యాంపులో వెంకటకృష్ణయ్యకు ఏటి గట్టు వెంబడి వరి పొలం ఉంది. నీళ్లు చూసేది జంబన్న. అతని పెళ్లాం భీమక్క అక్కడే కలుపు పనికీ నాట్లకూ పోయేది. ఇద్దరిదీ ఈ నేలే, తాతల కాలం నుంచి ఈడి తెలుగే. ఇద్దరికీ కలిపి ఒకటే బటన్ల ఫోను. పెట్టెలో రెండో నంబరు ఆ ఫోనుది, మూడోది వెంకటకృష్ణయ్యది.

ఆ రోజు పదకొండు ప్రాంతంలో కరెంటు పోయింది. వాళ్ల పంపు పాతకాలపుది, మోటారుకూ పంపుకూ మధ్య బెల్టు తిరుగుతుంది. బెల్టు జారుతోందని జంబన్న దాన్ని సరిచేయడానికి దిగాడు. దిగేముందు ఫోను భీమక్కకిచ్చి, నేను కేకేసేదాకా రింగు కొట్టొద్దని చెప్పాడు. ఇదివరకైతే అలాంటి పనికి ముందు గట్టు మీది డబ్బాలో ఫ్యూజులు పీకి జేబులో వేసుకునేవాడు. అల్లుడొచ్చాక ఆ అలవాటు పోయింది. ఫోను పెళ్లాం చేతిలో ఉన్నప్పుడు ఫ్యూజుతో పనేముంది?

పన్నెండు దాటాక కరెంటొచ్చింది. పెట్టె మెసేజ్ కొట్టింది. భీమక్క చేతిలో ఫోను కుయ్యిమంది. ఆమెకు చదువు రాదు. మోత ఆపుదామని ఏదో బటను నొక్కింది. మరుక్షణంలో మోటారు తిరిగింది. జంబన్న కుడిచేయి బెల్టుకూ చక్రానికీ మధ్య ఉంది.

బళ్లారి ఆసుపత్రిలో చేతిని మణికట్టు దాకా తీసేశారు.

సిద్ధేశ్‌కు కబురందగానే నేరుగా పంపు దగ్గరికి పోయాడు. అప్పటికి అక్కడ ఎవరూ లేరు. బెల్టు తెగి వేలాడుతోంది. ఆఖరుసారి ఏ నంబరు పిలిచిందో చెప్పమని కోడు వేసి పెట్టెకు మెసేజ్ పంపాడు. జవాబు వచ్చింది. పది అంకెలు. అవి ఎవరివో అతను వెతుక్కోవలసిన పని లేదు. తొమ్మిదేళ్లు అందరికీ తన నంబరని చెప్పుకున్నవే.

 అతని చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. పెట్టె వెనకున్న చిన్న మీటను పది సెకన్లు నొక్కి పట్టాడు. పెట్టెలో ఉన్న నంబర్లు, లెక్కలు అన్నీ చెరిగిపోయాయి.

సాయంత్రం వెంకటకృష్ణయ్య అరుగు మీద పదిమంది చేరారు. భీమక్క స్తంభానికి ఆనుకుని కూచుంది. చీర కుచ్చిళ్ల మీద మొగుడి నెత్తురు ఎండి నల్లబడింది. ఒళ్లో ఫోను. వెంకటకృష్ణయ్య మంచివాడే, ఆసుపత్రికి తన కారులోనే తీసుకుపోయాడు. కానీ పెట్టె కొన్నది తాను కాబట్టి ఆయనకూ ఒక భయం ఉంది. ఆ పూట తాను పెట్టెకు రింగు కొట్టలేదని ముందే అందరికీ చెప్పేశాడు.

“చూడవయ్యా సిద్ధేశూ, అందరి ముందూ అడుగుతున్నా. ఆ పెట్టె దానంతటది ఆన్ అయ్యే ప్రమాదం ఉందా, లేదా?”

“లేదు సార్. ఎవరన్నా రింగు కొడితేనే ఆన్ అయితాది.”

సిద్ధేశ్ చెప్పింది అంతే. అందరి తలలూ ఒకేసారి భీమక్క వైపు తిరిగాయి.

ఆమె ఎవరినీ తిట్టలేదు, కాదనలేదు. నేనే నొక్కింటా అంది. మోత వచ్చింది, ఆపుదామని నొక్కినా, అది ఎవరికి పోయిందో నాకు గొత్తు లేదు అంది. చూడప్పా అని ఫోను సిద్ధేశ్ చేతికిచ్చింది.

అతను చూశాడు. ఆ ఫోను నుంచి ఆఖరున పోయిన కాల్ మొన్నటిది, సిరుగుప్పలో కూతురికి. ఆ రోజు ఒక్కటీ లేదు. పది జతల కళ్లు అతని ముఖం మీదున్నాయి. నలభై మూడు పెట్టెలు, వాటి రైతులు, అంగడి, ఊళ్లో పేరు, పోలీసులు, అన్నీ ఒకదాని వెంట ఒకటి కళ్ల ముందు తిరిగాయి. బొటనవేలు రెండుసార్లు ఆడింది. ఫోనులో కాల్ లిస్టు మొత్తం ఖాళీ అయింది. ఏమీ అనకుండా ఫోను ఆమెకు తిరిగి ఇచ్చేశాడు. ఏమీ అనకపోవడాన్ని కూడా అందరూ ఒక జవాబుగానే తీసుకున్నారు. పాపం ఆ ఆడమనిషి మనసు నొప్పించకూడదని ఊరుకున్నాడనుకున్నారు.

మరుసటి రోజు అంగడి తలుపు సగం దించి తన పాత నంబరుకు తానే ఫోన్ చేశాడు. ఎవరో అమ్మాయి ఎత్తింది. పేరు పద్మశ్రీ. కూరెకుప్పలో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో కొత్తగా పనికి చేరిందట. సిద్ధేశ్ పెట్టెల మాట ఎత్తగానే ఆమె గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయింది. ఈ నంబరు తీసుకున్నప్పటి నుంచీ రోజుకు వందా నూటయాభై మెసేజులు, కరెంటు వచ్చింది, కరెంటు పోయింది, మోటారు ఆగింది అని ఎక్కడెక్కడి నంబర్ల నుంచో వస్తున్నాయి. ఏవేవో బ్లాక్ చేసింది. అయినా ఆగలేదు. నిన్న ఉద్యోగంలో రెండో రోజు, మేనేజరు పక్కన నిలబడి పని చెబుతుంటే మళ్లీ ఒకటి వచ్చింది.

“ఒళ్లు మండి తిట్టేద్దామని ఆ నంబరుకే తిరిగి చేశానండీ. ఒక్క రింగుకే కట్ చేశాడు. భయపడ్డాడులే అనుకున్నా. ఎవరండీ వాళ్లు?”

ఎన్ని గంటలకని సిద్ధేశ్ అడిగాడు. పన్నెండూ పదికి అంది.

అది మోటార్ల కంపెనీ పొరపాటని, ఇక రావని, ఇంకెప్పుడూ ఆ నంబర్లకు తిరిగి ఫోన్ చేయొద్దని చెప్పాడు. ఆ అమ్మాయి థాంక్సండీ అంది. ఇన్నాళ్లకు ఒక్కరైనా మర్యాదగా ఫోన్ చేసి చెప్పారు అంది. ఆ మాట చెవిలో సీసం పోసినట్టుంది.

ఆ వారం అతను అంగడి తెరవలేదు. బైకు మీద ఊరూరూ తిరిగాడు. నలభై రెండు పంపుల దగ్గరికీ పోయి పాత నంబరు తీసేశాడు, రైతు నంబరే మాస్టర్ చేశాడు, పెట్టెకొక కోడు ఇచ్చి రైతు చేత నాలుగుసార్లు అప్పజెప్పించాడు. ఏందప్పా ఇంత పని అని అడిగినవాళ్లకు, కొత్త రూలు వచ్చిందన్నాడు. జంబన్నకు అయినదాన్ని చూసి మన కోసరం తిరుగుతాండాడని జనం మజ్జిగ ఇచ్చారు, గట్టు మీద కూచోబెట్టి జొన్నరొట్టె పెట్టారు. అతని పేరు ఇంకా పెరిగింది. ఇంకెవరి చెయ్యీ పోలేదు. ఇంక మిగిలింది ఒక్క పని. అది రేపు, ఎల్లుండి అనుకుంటూ పద్నాలుగు నెలలు గడిపాడు.

ఈ పద్నాలుగు నెలల్లో భీమక్క సంగతి అప్పుడొక ముక్క ఇప్పుడొక ముక్క అతని చెవిన పడుతూనే ఉంది. ప్రతి పున్నమికీ హులిగికి నడిచిపోయి హులిగెమ్మ గుడి ముందు పొర్లుదండాలు పెడుతోందట. కాళ్లకు చెప్పులు వేయడం మానేసిందట, ఇంట్లో ఆ ఫోను కూడా లేకుండా చేసిందట. నాట్ల దగ్గర ఎవతెదైనా ఫోను మోగితే ఉలిక్కిపడి రెండు చేతులూ కొంగులో దాచుకుంటుందట. మొగుడి చెయ్యి తిన్న చెయ్యి అని ఒకతె ముఖం మీదే అందట. దానికి కూడా భీమక్క తలొంచుకుని, అవును తల్లీ అందట.

విన్న ప్రతిసారీ సిద్ధేశ్ ఒక లెక్క వేసుకునేవాడు. చెబితే జంబన్న చెయ్యి తిరిగొస్తుందా? రాదు. మరి చెప్పి ఏం లాభం? ఈ లెక్క ఎప్పుడూ తప్పు రాలేదు. లెక్కలో జంబన్న చెయ్యి ఉంది, భీమక్క చెయ్యి లేదు.

మొన్న దసరా తర్వాత మంగళవారం భీమక్క అంగడికి వచ్చింది. వట్టి కాళ్లు పగిలి ఉన్నాయి. కూర్చోమంటే కూర్చోలేదు. కౌంటరు మీద పెట్టిన ఫోన్లకు రెండడుగులు ఎడంగా నిలబడి అడిగింది.

“సిద్ధేశప్పా, మా పాపకు నెలలు నిండినాయి. సిరుగుప్పలో ఉండాది. కబురు వచ్చేకి ఒక ఫోను కావాల. చేసేది ఉండకూడదు, వచ్చేది మాత్రం ఉండాల. నేను ఎంత నొక్కినా యాడికీ పోకూడదు. అట్లాంటిది ఉంటాదా?”

 అట్లాంటివి రావక్కా అన్నాడు.

“బటన్లు పీకేస్తే?”

చూస్తాలే, రేపు నేనే వస్తానని చెప్పి పంపేశాడు. ఆమె రోడ్డు దాటేదాకా చూశాడు. రోడ్డు దాటడానికి కూడా రెండు చేతులూ కొంగులో చుట్టుకునే దాటింది.

మరుసటి రోజు మధ్యాహ్నం క్యాంపుకు పోయాడు. జంబన్న వాళ్లది కళ్లం పక్కన రెండు గదుల ఇల్లు. ఇప్పుడు జంబన్న పని ఆ కళ్లానికి కాపలా. తలుపు తీసే ఉంది. లోపల జంబన్న గోడకు ఆనుకుని కూచున్నాడు. భీమక్క ఎదురుగా కూచుని, అన్నం పప్పు కలిపి ముద్ద చేసి అతని నోట్లో పెడుతోంది. ఎడమచేత్తో తింటే అది అన్నం కాదని, చచ్చేదాకా తిననని జంబన్న ఒట్టు పెట్టుకున్నాడట. అప్పటి నుంచీ మూడు పూటలా ఇదే. అతను నోరు తెరుస్తాడు, ఆమె పెడుతుంది. ముద్దకూ ముద్దకూ మధ్య ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. వినపడేది కంచం తాలూకు చప్పుడే.

సిద్ధేశ్ గడప దగ్గర గొంతుక్కూచున్నాడు.  ఉన్నదున్నట్టు చెప్పేశాడు. పాత నంబరు, మార్చకుండా వదిలేసింది, కూరెకుప్పలో అమ్మాయి, పన్నెండూ పది, పెట్టెను చెరిపింది, ఫోనులో లిస్టు చెరిపింది. చెబుతున్నంతసేపూ చూపు ఎత్తలేదు.

భీమక్క ముద్ద పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఉంది. ముద్దను కంచంలో పెట్టి మెత్తగా అంది:

“నువ్వు మంచోనివప్పా. నిన్న నా గతి చూసి నీ మనసు కరిగినట్టుండాది. నా కోసరం ఈ కత కట్టుకొని వస్తివి. వద్దు. నొక్కింది నేనే, నా యేలికి తెలుసు.”

ఇది అతను ఊహించలేదు. తిడతారనుకున్నాడు, కొడతారనుకున్నాడు, పోలీసులనుకున్నాడు. నమ్మరని మాత్రం అనుకోలేదు. నమ్మించడానికి చేతిలో ఏముంది? ఉన్న రెండు రుజువులనూ తన బొటనవేలితో తానే తుడిచేశాడు.

నమ్మక్కా, నిజం అన్నాడు. ఆమె తల ఊపింది, చిన్నపిల్లాడి మాటకు ఊపినట్టు.

ఇక మిగిలింది ఒకటే. ఫోను తీసి పాత నంబరు నొక్కాడు. అందరికీ వినపడేలా పెట్టి నేల మీద ఉంచాడు. భీమక్క వెనక్కి జరిగింది.

పద్మశ్రీ ఎత్తింది. గుర్తుపట్టింది కూడా. “మోటార్ల కంపెనీ సారు కదండీ? మెసేజులు ఆగిపోయాయండీ, అప్పుడే.” పోయినేడు మీరు తిరిగి కాల్ చేసిన రోజు ఏదో మరోసారి చెప్పమ్మా అని సిద్ధేశ్ అడిగాడు. మరిచిపోతానా, ఉద్యోగంలో రెండో రోజు, శ్రావణ శుక్రవారం, మధ్యాహ్నం పన్నెండు దాటిన తర్వాత అంది. కరెంటు వచ్చిందని మెసేజ్ వస్తే ఒళ్లు మండి చేశానని, ఒక్క రింగుకే కట్ అయిందని మళ్లీ చెప్పింది. చెప్పి, గొంతు కొంచెం తగ్గించి అడిగింది:

“ఏమండీ, ఇన్నాళ్లకు మళ్లీ అడుగుతున్నారు. నా వల్ల ఏమన్నా అయిందా?”

సిద్ధేశ్ ఫోను అందుకోబోయాడు. 

భీమక్క ముందుకు వంగింది. పద్నాలుగు నెలల్లో మొదటిసారి ఒక ఫోనుకు అంత దగ్గరగా వచ్చింది.

“ఏమీ కాలేదు తల్లీ. ఊరికే అడిగినాము. చల్లగుండు.”

సిద్ధేశ్ ఫోను కట్ చేశాడు.

 జంబన్న పెళ్లాం ముఖంలోకి చూశాడు. ఏదో అనబోయాడు. భీమక్క అతని వైపు చూడలేదు. ఆమె చూపు సిద్ధేశ్ మీదే ఉంది.

“మిగతా రైతుల పెట్టెలన్నీ బాగు చేసినావంటనే. యాపొద్దు చేసినావు?”

“ఆ వారమేక్కా.”

“అన్ని ఊర్లు తిరిగినావా?”

“తిరిగినా.”

“ఈ దోవనే పోయింటావు.”

అతను అవునన్నాడు. క్యాంపు ముందు నుంచే నాలుగుసార్లు పోయాడు. ఒకసారి ఆమె పంపు దగ్గర బిందె ముంచుతూ కనపడింది కూడా. బైకు ఆపలేదు.

 ఆమె అన్నం అంటిన చేతిని ముందుకు చాచి, అటూ ఇటూ తిప్పి చూసుకుంది, ఎవరిదో చేతిని చూసినట్టు. అప్పుడు జంబన్న నోరు విప్పాడు. తాను ఒక్కనాడైనా ఆమెను తిట్టలేదని, చెయ్యెత్తలేదని, ఆ సంగతి దేవునికి తెలుసని అన్నాడు.

“తిట్టలేదు,” అంది భీమక్క. “తిట్టింటే బాగుండు. పద్నాలుగు నెలలు నన్ను క్షమించుకుంటా కూచున్నావు. మూడు పూటలా నోరు తెరిచి క్షమిస్తివి.”

జంబన్న తల గోడకు ఆన్చి కళ్లు మూసుకున్నాడు. ఆమె లేచి చెయ్యి కడుక్కుంది. కంచాన్ని మొగుడి ముందుకు జరిపింది. సగం అన్నం ఇంకా అలాగే ఉంది.

“నీకు ఇంకో చెయ్యి ఉండాది. తిను.”

కొంగు దులుపుకుని, సిద్ధేశ్‌ను దాటుకుని బయటికి వచ్చింది. సిరుగుప్ప బస్సు ఎన్ని గంటలకని కళ్లంలో ఎవరినో అడుగుతున్న గొంతు వినపడింది.

లోపల ఇద్దరు మగవాళ్లు మిగిలారు. జంబన్న కంచం వైపు చూశాడు. తర్వాత ఎడమచెయ్యి చాపాడు. చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ చాపాడు. ఐదు వేళ్లూ అన్నంలో పెట్టి ఎలా కలపాలో తెలియక నొక్కాడు. ముద్ద నిలవలేదు. మెతుకులు లుంగీ మీద పడ్డాయి. సిద్ధేశ్ ముందుకు జరిగి కంచం పట్టుకోబోయాడు.

“ముట్టొద్దు,” అన్నాడు జంబన్న.

సిద్ధేశ్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. లేచి పోనూ లేకపోయాడు, ఉండనూ లేకపోయాడు. పద్నాలుగు నెలల కింద ఆ అరుగు మీద, ఆమె ఫోను చేతికిచ్చినప్పుడు, ‘దీంట్లో నుంచి ఏమీ పోలేదక్కా’ అని నాలుగు మాటలు అని ఉంటే చాలు. ఆ నాలుగు మాటలకు ఎంతసేపు పట్టేది? జంబన్న రెండో ముద్ద ఎత్తాడు. అది నోటిదాకా వెళ్లింది.